ఇంజిన్ల మీద నంబర్లు రాసిన పెయింటర్లకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు ఒక బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

లాలాగూడ వర్క్‌షాపులో, మౌలాలిలో, కాజీపేటలో, గుత్తిలో పెయింట్ డబ్బా, బ్రష్షు పట్టుకుని ఇంజిన్ల మీదా పెట్టెల మీదా అక్షరాలు రాసి రిటైరైన పెద్దలకూ, వాళ్ళ పిల్లలకూ, మనవలకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో చాలామంది ఎప్పుడో క్వార్టర్లు ఖాళీ చేసి మల్కాజిగిరిలోనో, ఈసీఐఎల్ వైపో, ఘట్‌కేసర్ దగ్గరో సొంత ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఇల్లు మారేటప్పుడు అటక మీద సామాన్లలో ఏవి పారేశారు, ఏవి ఉంచారు అన్నదే నేను అడగబోయే సంగతి. ఇంకా పారేయనివి ఏమైనా ఉంటే ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా వాటిని ముట్టుకోకండి, అంతే చాలు.

నేను చిలకలగూడలో పెరిగాను. మా నాన్న గూడ్స్ గార్డు. ఇప్పుడు నేను మోడల్ రైళ్ళు చేస్తాను, అసలు బండిలో 87వ వంతు సైజులో, దాన్నే హెచ్ఓ స్కేలు అంటారు. ప్లాస్టిక్ షీటు కోసి, అతికించి, సానబెట్టి, రంగువేసి ఒక ఇంజిన్ తయారు చేయడానికి నాకు ఏడెనిమిది నెలలు పడుతుంది. బాడీ చేయడం కష్టమే కానీ దానికి కొలతలు దొరుకుతాయి. డబ్ల్యూడీఎం 2 డీజిల్ ఇంజిన్ సంగతే తీసుకోండి, 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి, మొత్తం 2,600కు పైగా వచ్చాయి, కాబట్టి దాని పొడవు, ఎత్తు, చక్రం, కిటికీ అన్నిటికీ డ్రాయింగులున్నాయి. లేనిదల్లా ఆ ఇంజిన్ మీద మీరు రాసిన నంబరుకే. ఆ అంకెలు ఎలా ఉండేవో ఏ డ్రాయింగులోనూ లేదు. అది మీ చేతిలో ఉంది, మీ చేతిలోనే ఉండిపోయింది.

రెండేళ్ళ కింద ఒక మోడల్ పూర్తి చేసి మెట్టుగూడలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ముప్ఫై ఏళ్ళు షెడ్డులో పెయింటర్‌గా చేసినాయన. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఆ మోడల్ మీద నంబర్లు నేను కంప్యూటర్ ఫాంటుతో చేసి అంటించాను, చాలా నీట్‌గా వచ్చాయని లోపల సంతోషంగానే ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, "బండి మంచిగ చేసినవ్ బిడ్డా, గని గీ ఏడు మనది గాదు" అన్నారు.

మనది కాదు అంటే ఏంటని అడిగాను. గచ్చు మీద కూర్చుని చాక్‌పీసుతో గీసి చూపించారు. "మనం నెత్తి మీది గీత చివర్ల జరంత పైకి లేపుతం. కాలు సక్కగ దింపం, లోపలికి వంచుతం. క్యాబిన్ల ఉన్నోడు బండి పోతుంటే నంబర్ రాసుకోవాలె గద, దూరంకెల్లి ఒకటికీ ఏడుకీ ఫరక్ తెల్వాలె." ఆ మాట విన్నాక నేను చాలాసేపు ఆ గచ్చు మీది గీతనే చూస్తూ ఉండిపోయాను. అందం కోసమో అలవాటు కోసమో అనుకున్న ఒక వంపు వెనక ఇంత కారణం ఉందని, యాభై గజాల దూరంలో సిగ్నల్ క్యాబిన్ కిటికీలో పెన్సిల్ పట్టుకున్న ఒక మనిషి కోసం ఆ వంపు పుట్టిందని నాకు అంతకుముందు తెలియదు. ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఆ రోజు 7, 1, 6 గీశారు. మిగతావి తర్వాత చూద్దాంలే అన్నారు.

స్టెన్సిళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, రేకు స్టెన్సిళ్ళు ఒక బస్తా నిండా ఉండేవట, తనే కత్తిరించి చేసుకున్నవి. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు పాత ఇనప సామాన్లవాడు వస్తే ఇంట్లోవాళ్ళు కిలో లెక్కన వేసేశారు. ఆయన ఆ మాట చాలా మామూలుగా చెప్పారు. ఇంట్లోవాళ్ళ తప్పు కూడా ఏం లేదు, తుప్పు పట్టిన రేకులు ఎవరికి కావాలనుకుంటారు? నాకు కావాలి అని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు కదా. ఆ చెప్పే పనే ఇప్పుడు చేస్తున్నాను.

ఫాంటుతో ఎందుకు కుదరదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇంత చిన్న అంకెలో ఏం తెలుస్తుంది అంటారు. ఇంజిన్ మీద 200 మిల్లీమీటర్ల ఎత్తున్న అంకె మోడల్ మీద 2.3 మిల్లీమీటర్లు అవుతుంది. 25 మిల్లీమీటర్ల బ్రష్షు గీత 0.3 కన్నా తక్కువకి వస్తుంది. నిజమే, చిన్నదే. కానీ మన కన్ను అంకెని గీత గీతగా చూడదు, మొత్తం నంబరుని ఒక ముఖంలా చూస్తుంది. నాలుగు అడుగుల దూరం నుంచి చూసినా ఫాంటు నంబరు వేసిన ఇంజిన్ కొత్తగా షోరూంలో నిలబెట్టినట్టు ఉంటుంది, చేతిరాత నంబరున్న ఇంజిన్ ఇప్పుడే షెడ్డులోంచి బయటికొచ్చినట్టు ఉంటుంది. పెద్దాయన కిటికీ దగ్గర పట్టుకుని ఒక్క చూపులో పట్టేశారంటే అదే కారణం.

ఇంకొకటి, ఫాంటులో రెండు 7లు ఉంటే రెండూ అచ్చం ఒకటే. మీరు రాసిన నంబరులో రెండు 7లు ఉంటే రెండోది మొదటిదాని తమ్ముడిలా ఉంటుంది, పోలిక ఉంటుంది కానీ అదే మనిషి కాదు.

స్టెన్సిల్‌తో వేసినా అంతే. 0, 6, 8, 9 లాంటి వాటిలో మధ్య ముక్క ఊడిపోకుండా సన్నటి వంతెనలు వదలాలి, రంగు వేశాక ఆ ఖాళీల్ని బ్రష్షుతో నింపాలి. కొందరు నింపేవాళ్ళు, కొందరు అలాగే వదిలేసేవాళ్ళు. 4 పైభాగాన్ని కలపకుండా తెరిచి రాస్తే వంతెన అవసరమే రాదని పెద్దాయన చెప్పారు. మరి అన్ని షెడ్లలోనూ అలాగే రాశారా? ఒకే షెడ్డులో ఇద్దరు పెయింటర్లుంటే ఇద్దరూ అలాగే రాశారా? ఇవి మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతులు.

పాత ఫోటోల నుంచి నేను రాబట్టగలిగినంత రాబడుతున్నాను. పక్కనుంచి తీసిన ఫోటో అయితే చక్రమే స్కేలు. డబ్ల్యూడీఎం 2 చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1092 మిల్లీమీటర్లు, ఆవిరి ఇంజిన్ డబ్ల్యూపీది 1705, మీటర్ గేజ్ వైపీది 1372. కంప్యూటర్‌లో ఆ ఫోటోలో చక్రం ఎన్ని పిక్సెళ్ళుందో లెక్కపెట్టి, దాంతో అంకె ఎత్తు కట్టొచ్చు. అక్కడా ఒక చిక్కుంది, డీజిల్ చక్రం అరిగి అరిగి 1016 దాకా వచ్చేవరకు నడుస్తుంది, అంటే ఆ బండి చక్రం ఆ రోజు ఎంతుందో తెలియకపోతే నా లెక్కలో నూటికి ఏడు పాళ్ళ దాకా తేడా రావచ్చు. ముందు నుంచి తీసిన ఫోటో అయితే బఫర్ల మధ్య దూరం, అంటే ఇంజిన్ ముందు రెండు పక్కలా ఉండే గుండ్రటి బిళ్ళల మధ్య దూరం, 1956 మిల్లీమీటర్లు, పట్టుకుంటాను, కానీ నంబరు బఫర్ల కన్నా వెనక ఉంటుంది కాబట్టి దానికి మళ్ళీ సవరణ. ఇలా ఒక్కో అంకెకి రెండు మూడు ఫోటోలు పోల్చుకుంటూ వెళ్ళాలి. ఫోటో మసకగా ఉంటే అక్కడితో ఆగిపోవాలి, ఊహించి గీయడం నాకు ఇష్టం లేదు.

ఇక అంటించే పని. డెకాల్ అంటే మన చిన్నప్పుడు నీళ్ళలో తడిపి నోటుబుక్కు అట్ట మీద జరిపి అంటించుకున్న బొమ్మల్లాంటిదే. సన్నటి పొర మీద అక్షరం అచ్చవుతుంది, నీళ్ళలో నానితే ఆ పొర కాగితం నుంచి జారుతుంది, దాన్ని బండి మీదకి జరపాలి. ముందు బండికి మెరుపు వార్నిష్ కొట్టాలి, గరుకు రంగు మీద నేరుగా వేస్తే పొర కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది, అప్పుడు అది స్టిక్కర్ అని ఎవరైనా చెప్పేస్తారు. తర్వాత పొరని మెత్తబరిచే ద్రావణం రాస్తే రివెట్ల మీద, అతుకుల మీద ఒదిగి కూర్చుంటుంది. చివర్లో మ్యాట్ వార్నిష్. ఇదంతా ఓపికతో వచ్చే పని, నేర్చుకోవచ్చు.

నేర్చుకున్నా తెగనిది తెలుపు, పసుపు సమస్య. మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు, పసుపు సిరా పారదర్శకంగా ఉంటుంది, దాన్ని మెరూన్ మీద పెడితే మట్టిరంగులోకి పోతుంది. మన ఇంజిన్ల మీద నంబర్లన్నీ దాదాపు పసుపో తెలుపో కదా. విదేశాల్లో ఆల్ప్స్ అనే కంపెనీ తెల్లటి మైనం రిబ్బన్‌తో అచ్చువేసే ప్రింటర్లు చేసేది, వాటి తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళైంది. తెల్ల టోనర్ ప్రింటర్లు నాలాంటివాడు కొనే ధరలో లేవు. అందుకని నేను స్క్రీన్ ప్రింటింగ్ పట్టుకున్నాను, పెళ్ళి పత్రికలు వేసే పద్ధతే, గట్టి పసుపు చక్కగా పడుతుంది.

నగరంలో ఒక ప్రింటింగ్ షాపులో మొదటిసారి ఇచ్చినప్పుడు పెద్దాయన చాక్‌పీసు 7ని నేను మూడు వారాలు కూర్చుని కంప్యూటర్‌లో గీసి, ఫైలు ఇచ్చాను. రెండు రోజుల తర్వాత వెళ్తే షీట్లు సిద్ధం. చూస్తే అంకెలన్నీ నిటారుగా, సమానంగా, మెషీన్‌లోంచి వచ్చినట్టున్నాయి. "మీరిచ్చినవి కొంచెం వంకరగా ఉన్నాయి సార్, క్లీన్ చేసి వేశాం" అన్నాడు అబ్బాయి. మంచి మనసుతోనే చేశాడు. కానీ ఆ షీట్లన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ అబ్బాయికి వంకర అనిపించినదే నాకు కావలసింది, దాన్ని ఎలా చెప్పాలో ఆ క్షణంలో మాట రాలేదు.

తర్వాత చత్తా బజార్‌కి వెళ్ళాను. అక్కడ పెళ్ళి పత్రికల మీద ఉర్దూ రాసే కాతిబ్ ఒకాయన నా కాగితం చూసి ఒక మాట చెప్పారు, వాళ్ళ పద్ధతిలో అక్షరాన్ని అంగుళాలతో కొలవరు, ఆ కలంతో పెట్టిన చుక్కతో కొలుస్తారు, ఒక అక్షరం ఇన్ని చుక్కల ఎత్తు, ఇన్ని చుక్కల వంపు అని. ఇంటికొచ్చి పెద్దాయన 7ని అలాగే కొలిచాను. బ్రష్షు వెడల్పుని చుక్కగా తీసుకుంటే ఎత్తు దాదాపు ఎనిమిది చుక్కలు, నెత్తి మీది గీత అయిదు. 1 కూడా ఎనిమిది. 6 కూడా ఎనిమిది. ఆయన స్కేలు పెట్టి గీయలేదు, గచ్చు మీద చూపుతో గీశారు, అయినా లెక్క తప్పలేదు. అప్పటినుంచి నేను మిల్లీమీటర్ల కన్నా ముందు బ్రష్షు వెడల్పు ఎంత అని అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత ఫ్లాట్ బ్రష్షు ఒకటి మిగిలున్నా, అది గట్టిపడిపోయి పనికిరాకపోయినా, దాని వెడల్పు నాకు చాలా చెప్తుంది.

రంగు గురించి కూడా అడగాలి. ప్రభుత్వ పెయింట్లకి ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది, అందులో ఒక్కో రంగుకి ఒక నంబరు, 356 గోల్డెన్ ఎల్లో, 537 సిగ్నల్ రెడ్ అలా. కానీ డబ్బా మీద నంబరు ఒకటైనా బండి మీద రంగు వేరు. థిన్నర్ ఎంత కలిపారు, కింద రెండు కోటింగులు వేశారా ఒకటే వేశారా, వేసవిలో వేశారా, మూడేళ్ళు ఎండలో నిలబడిందా, దాని మీద డీజిల్ పొగ ఎంత పట్టింది, వీటన్నిటినీ బట్టి మారుతుంది. పైగా చిన్న మోడల్ మీద అసలు రంగే వేస్తే ముదురుగా కనిపిస్తుంది, కొంచెం తెలుపు కలిపి తగ్గించాలి. ఎంత తగ్గించాలో తెలియాలంటే మొదలు ఎక్కడో తెలియాలి కదా.

హిందీ అక్షరాల సంగతి మరీ ముఖ్యం. రైల్వే పేరు ఇంగ్లీషులో ఎస్సీ అని, హిందీలో ద.మ. అని రాసేవారు. కొన్ని బండ్ల మీద నంబరు కూడా హిందీ అంకెల్లో ఉండేది. ఆ లిపిలో 5, 8, 9కి రెండు రకాల రూపాలున్నాయి, అచ్చు అక్షరాలవాళ్ళు వాటిని బొంబాయి రకం, కలకత్తా రకం అంటారు. సికింద్రాబాదులో ఏది రాశారు? బొంబాయి నుంచి వచ్చిన సెంట్రల్ రైల్వే అలవాటు కొనసాగిందా? తెలుగు ఇంట్లో పుట్టి, ఉర్దూ మీడియంలో చదివి, ఇంగ్లీషులో డ్యూటీ చేసిన ఒక పెయింటర్ హిందీ 8ని ఎవరిని చూసి నేర్చుకున్నాడు? నాకు ఇది నిజంగా తెలుసుకోవాలనుంది, మోడల్ కోసం మాత్రమే కాదు.

మన ఊళ్ళో రైలు మీద అక్షరాలు ఎన్నిసార్లు మారాయో ఒకసారి చూడండి. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కి మొదటి లైను. తర్వాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, ఎన్జీఎస్సార్. 1930లో రాజ్యమే దాన్ని తీసుకున్నాక నిజాం స్టేట్ రైల్వే, ఎన్నెస్సార్. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1957లో దేశం మొత్తం ఇంజిన్లకి ఒకే వరస నంబర్లు వచ్చాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే. 1977లో గుంతకల్లు డివిజన్ సదరన్ నుంచి ఇటు వచ్చింది, షోలాపూర్ తిరిగి సెంట్రల్‌కి వెళ్ళింది, కాబట్టి గుత్తి షెడ్డు బండ్ల మీద అక్షరాలు అప్పుడు మారి ఉండాలి. 2003లో హుబ్లీ డివిజన్ వెళ్ళిపోయింది. ప్రతిసారీ ఎవరో ఒక మనిషి నిచ్చెన వేసుకుని పాత అక్షరం గీకి కొత్తది రాశాడు. ఆ మనిషి మీ ఇంట్లోవాడు. కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్ళే మీటర్ గేజ్ బండ్లనే తీసుకుంటే, ఒకే పెట్టె ముప్ఫై ఏళ్ళలో మూడు రైల్వేల పేర్లు మోసి ఉంటుంది. పాత పెయింటు కింద పాత అక్షరం ఉబ్బెత్తుగా కనిపించేదని పెద్దాయన చెప్పారు, వర్షం పడ్డాక ఇంకా బాగా కనిపించేదట.

ఇప్పుడు మళ్ళీ మారుతోంది. విశాఖపట్నం కేంద్రంగా కొత్త జోన్ అని 2019లో ప్రకటించారు, విజయవాడ, గుంటూరు, గుంతకల్లు అటు వెళ్తాయని అప్పుడు చెప్పారు. ఈ రోజు మనం రోజూ చూస్తున్న అక్షరాలే రేపు పాత అక్షరాలవుతాయి, ఫోటోలు తీసి పెట్టుకోండి, స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడే తీయండి, పట్టాల మీదకి మాత్రం దిగొద్దు.

అక్షరాన్ని నిలబెట్టుకోవడం మనకి చేతకాని పని కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వేనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ బస్సుల నంబరులో జెడ్ అనే అక్షరం నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని చెప్తారు. సంస్థలు మారాయి, రాష్ట్రాలు మారాయి, మన ఆర్టీసీ బస్సు నంబరులో ఆ జెడ్ ఇంకా ఉంది. ఒక్క అక్షరం వెనక కథ పదిమందికి తెలియడం వల్ల అది ఇన్నేళ్ళు నిలిచింది. మీ 7 వెనక కథ నాకు, మీకు తప్ప ఎవరికీ తెలియదు.

బయటి దేశాల్లో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. ఇంగ్లండులో హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ అని 1950లో పెట్టుకున్నారు, పాత కంపెనీల అక్షరాలన్నీ పరిశోధించి వాళ్ళే ట్రాన్స్‌ఫర్ షీట్లు, అంటే డెకాల్ లాంటివే, వేస్తారు. అమెరికాలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అక్షరాల డ్రాయింగులు కంపెనీవే దొరుకుతాయి, ఏ అక్షరం ఎన్ని అంగుళాలు, బంగారు రేకు ఎప్పుడు ఆగి దాని బదులు డ్యూలక్స్ గోల్డ్ పెయింటు ఎప్పుడు వచ్చింది అన్నదాకా అక్కడి మోడలర్లు వాదించుకుంటారు. యూనియన్ పసిఫిక్ కంపెనీ తన పేరు, అక్షరాలు మోడళ్ళ మీద వేసుకోవాలంటే రుసుము కట్టమని పట్టుబట్టి కోర్టు దాకా వెళ్ళి, చివరికి 2006లో ఆ రుసుము వదులుకుంది. అక్కడ తగవు ఎవరి అక్షరం అన్నదాని మీద. మన దగ్గర తగవు కూడా లేదు, అడిగేవాళ్ళూ లేరు, అక్షరం మాత్రం పోతోంది. వాళ్ళ డ్రాయింగులు చూసి నాకు అసూయగా ఉంటుంది. కానీ వాళ్ళకి లేనిది ఒకటి మనకుంది, రాసిన మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు.

అందుకే అడుగుతున్నాను. అటక మీద, ట్రంకు పెట్టెల్లో, గ్యారేజీలో ఒకసారి చూడండి. రేకు స్టెన్సిల్, అట్ట స్టెన్సిల్, ట్రేసింగ్ పేపరు, సగం చిరిగినా సరే. డ్యూటీ డైరీలో అంచున గీసుకున్న అక్షరం. పెయింట్ మరకలున్న స్కేలు. రిటైర్మెంట్ రోజు దండలు వేసి ఇంజిన్ ముందు నిలబెట్టి తీసిన గ్రూప్ ఫోటో, అందులో మీరు మీ నాన్న ముఖం చూస్తారు, నేను వెనకున్న నంబరు చూస్తాను, ఆ ఫోటో ఇద్దరికీ పనికొస్తుంది. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు ఇంజిన్‌కి పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి తీసిన ఫోటోలు ప్రతి షెడ్డువాళ్ళ ఇంట్లో ఒకటైనా ఉంటుంది. పూలదండ నంబరు మీద పడకుండా ఉంటే ఇంకా మంచిది.

దొరికితే తుడవకండి, తుప్పు గీకకండి, ఫోటోని లామినేషన్ అసలు చేయించకండి. స్టెన్సిల్‌ని తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన ఒక స్కూలు స్కేలు పెట్టి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో నిటారుగా పైనుంచి ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు. వెనక ఏమైనా రాసి ఉంటే అది కూడా. వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు ఇవ్వనక్కర్లేదు, అమ్మనక్కర్లేదు. ఆఫీసు కాగితాలు, రైల్వేవారి ఫైళ్ళు ఏమీ వద్దు, మీ సొంతవి మాత్రమే. నేను గీసిన ప్రతి అంకె కింద అది ఏ షెడ్డుది, ఎవరి చేతిది అని మీరు ఒప్పుకుంటే పేరుతో, లేకపోతే పేరు లేకుండా రాసి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకునేలా ఉచితంగా ఇస్తాను. దాని మీద ఒక్క రూపాయి తీసుకోను.

ఏ వస్తువూ లేకపోతే పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఒక కాగితం, ఒక మార్కర్ ఇచ్చి సున్నా నుంచి తొమ్మిది దాకా రాయమనండి. షెడ్డులో రాసినట్టు రాయండి నాన్నా, రాయండి తాతా అని చెప్పండి, అలా చెప్తే చెయ్యి వేరేలా కదులుతుంది. రాస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నది తెలుస్తుంది. ఇది ఈ ఆదివారమే చేయండి. మెట్టుగూడ పెద్దాయన దగ్గరికి నేను రెండోసారి ట్రేసింగ్ పేపరు తీసుకుని వెళ్ళేసరికి ఆరు నెలలు అయింది. ఆయన బాగా మాట్లాడారు, టీ ఇప్పించారు, కానీ పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణికింది, గీత నిలవలేదు. మిగతా అంకెలు నోటితో చెప్పారు. అన్నీ రాసుకున్నాను. నోటితో చెప్పింది గీతలోకి సగమే వస్తుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఒక డబ్ల్యూడీఎం 2 ఉంది, నంబరు కోసం ఆగి ఉంది. మా నాన్న ఫోటోలో ఉన్న బండి. కాజీపేట యార్డులో ఇంజిన్ ముందు బఫర్ల పైనున్న చోట యూనిఫాంలో నిలబడి, ఒక చెయ్యి కడ్డీ మీద పెట్టారు. బ్లాక్ అండ్ వైట్, వెనక తేదీ లేదు. అయిదంకెల నంబరులో నాలుగు స్పష్టంగా కనిపిస్తాయి. చివరి అంకె కింది సగం నాన్న భుజం వెనక ఉండిపోయింది. పైన రెండు గీతలు విడివిడిగా నిలబడి ఉన్నాయి కాబట్టి అది తెరిచి రాసిన 4 అని తెలుస్తోంది, పెద్దాయన చెప్పిన 4 అదే అయ్యుంటుంది. కానీ దాని అడ్డగీత నిలువుగీతని దాటి ఎంత దూరం వెళ్ళిందో, చివర్లో పైకి లేచిందో లేదో కనిపించదు. ఆ రోజుల్లో కాజీపేటలో 4 రాసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక కాగితం మీద ఆ ఒక్కటి రాసి ఫోటో తీయండి.